మధుమేహం ఉన్న పిల్లల పళ్లు, చిగుళ్లు
(హోసూరు, కృష్ణగిరి ప్రాంత తెలుగు కుటుంబాల కోసం చేసిన ప్రసంగ పాఠం)



పురపాలక కార్యాలయం నుంచి ఒకరు వచ్చి పన్ను గురించి మాట్లాడతారని తెలిసినప్పుడు మీలో కొందరికి ఇంటి పన్ను రసీదులు గుర్తుకు వచ్చి ఉండవచ్చు. నేటి విషయం ఆ పన్ను కాదు, నోటిలోని పన్ను. అయితే సకాలంలో పట్టించుకోకపోతే వడ్డీతో సహా వసూలు చేయడంలో ఇదీ దానికి తీసిపోదు.

నేను వైద్యవృత్తిలో ఉన్న వ్యక్తిని కాను. వైద్యులు చెప్పే మాటలను తెలుగులోకి తేవడం నా ఉద్యోగం. కనుక మందుల మోతాదులు నేను చెప్పను; అవి మీ వైద్యులే చెప్పాలి. ఒకటవ రకం మధుమేహం ఉన్న పిల్లల నోటిని ఇంట్లో ఎలా కాపాడుకోవాలో, ఏ గుర్తు కనబడితే ఆలస్యం చేయకూడదో మాత్రం మనవి చేస్తాను.

మధుమేహం అనగానే మనకు తాతయ్యలు, అమ్మమ్మలు గుర్తుకు వస్తారు. 2021 ఆగస్టు 5న తమిళనాడు ప్రభుత్వం ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని మన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే ప్రారంభించింది. రక్తపోటుకూ చక్కెర జబ్బుకూ మాత్రలు ఇంటి గుమ్మం ముందుకే వస్తున్నాయి. ఆ మాత్రలతో అదుపులో ఉండేది సాధారణంగా రెండవ రకం మధుమేహం. పిల్లలలో ఎక్కువగా కనబడే ఒకటవ రకం వేరు. శరీర రక్షణ వ్యవస్థే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారు చేసే కణాలను నాశనం చేయడం వల్ల అది వస్తుంది. తీపి ఎక్కువ తిన్నందువల్ల రాదు. తల్లి పెంపకంలో లోపం వల్ల రాదు. గ్రహచారం వల్ల అసలే రాదు. దానికి మాత్రలు చాలవు. ప్రతిదినమూ ఇన్సులిన్ కావాలి.

ఆ ఇన్సులిన్‌ను 1921లో కెనడాలోని టొరంటో నగరంలో కనుగొన్నారు. 1922 జనవరిలో దానిని మొట్టమొదట అందుకున్నది పద్నాలుగేళ్ల బాలుడు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు కొన్ని నెలలో, ఒకటి రెండు సంవత్సరాలో మాత్రమే బ్రతికేవారు. ఇన్సులిన్‌ను కనుగొన్న బాంటింగ్ పుట్టినరోజైన నవంబరు 14ను ప్రపంచ మధుమేహ దినంగా పాటిస్తున్నారు. మన దేశంలో అదే బాలల దినోత్సవం కూడా. నేడు సరైన వైద్యం పొందే పిల్లలు చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు, పెళ్లిళ్లు చేసుకుంటారు, ముసలితనం దాకా జీవిస్తారు. అంటే ఆరేళ్ల వయసులో వచ్చే శాశ్వత దంతం అరవై, డెబ్బై ఏళ్లు పని చేయవలసి ఉంటుంది. ప్రాణం నిలబడితే చాలు, పళ్లదేముంది అనే రోజులు పోయాయి.

చక్కెర జబ్బుకూ నోటికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. రక్తంలో చక్కెర ఎక్కువకాలం హెచ్చుగా ఉన్నప్పుడు మూత్రం ఎక్కువగా పోయి శరీరం ఎండుతుంది, లాలాజలం తగ్గుతుంది. లాలాజలం నోటిని నిరంతరం కడిగే సహజమైన నీరు. అది తగ్గగా, మిగిలిన దానిలోనూ, చిగుళ్ల అంచున ఊరే ద్రవంలోనూ చక్కెర పాలు పెరుగుతుంది. సూక్ష్మజీవులకు అది విందు. మరోవైపు వాటితో పోరాడే తెల్లరక్తకణాలు మందగిస్తాయి, పుండ్లు నెమ్మదిగా మానుతాయి. 2006లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 6 నుంచి 18 ఏళ్ల వయసు వారిని పరీక్షించి, మధుమేహం ఉన్న పిల్లలలో పంటిని పట్టి ఉంచే కణజాలం దెబ్బతినడం చిన్న వయసులోనే మొదలవుతుందని వెల్లడించారు. పెద్దల జబ్బు అనుకునే చిగుళ్ల వ్యాధి బడి పిల్లలలోనే పునాది వేసుకుంటున్నదన్నమాట.

పిప్పిపళ్ల విషయం కొంచెం భిన్నం. చక్కెరను చక్కగా అదుపులో ఉంచుకునే పిల్లలు మిఠాయిలు తక్కువగా తింటారు కనుక, వారికి పిప్పిపళ్లు ఇతరులకన్నా ఎక్కువ ఉండాలన్న నియమం లేదు. జబ్బు ఉన్నంత మాత్రాన పళ్లు పోతాయని నిరాశ పడవలసిన పని లేదని దీని అర్థం.

ఈ సంబంధం ఒకవైపుదే కాదు. చిగుళ్లలో చీము, పంటి మూలంలో వాపు ఉన్నప్పుడు శరీరం ఒత్తిడికి లోనై రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఇన్సులిన్ సరిగానే ఇస్తున్నా, తిండి మారకపోయినా, చక్కెర అంకెలు కారణం లేకుండా ఎక్కుతూ ఉంటే ఒకసారి పిల్లల నోరు తెరిచి చూడండి.

గమనించవలసిన గుర్తులు ఇవి: పళ్లు తోముతున్నప్పుడు రక్తం రావడం, చిగుళ్లు ఎర్రగా ఉబ్బడం, నోరు ఎండిపోవడం, నాలుక మీదా బుగ్గల లోపలా తెల్లని పొర ఏర్పడటం, నోటిపూత మానకపోవడం. ఇవి ఉంటే ఆ వారంలోనే దంతవైద్యులకు చూపించండి. వారం కాదు, గంటలు లెక్కపెట్టవలసిన గుర్తు ఒకటుంది. పిల్లల ఊపిరిలో పండిన పండ్ల వంటి వాసన, దానితో పాటు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత కనబడితే అది నోటి దుర్వాసన కాదు. ఇన్సులిన్ చాలక రక్తం ఆమ్లమయం అవుతున్నదనడానికి సూచన. అప్పుడు పుక్కిలించే మందు కొని తెచ్చే సమయం లేదు. 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. జబ్బు ఉందని ఇంకా తెలియని పిల్లలలో కూడా విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం కనబడితే అదే రోజున రక్తపరీక్ష చేయించాలి.

ఇంతకన్నా ముఖ్యమైన మాట మరొకటి చెబుతాను. పంటినొప్పితో పిల్లవాడు అన్నం ముట్టడు. “తినలేదు కదా, ఈ పూట సూది వద్దులే” అని ఇంట్లో పెద్దవారు దయతో అంటారు. ఆ దయ ప్రమాదకరం. నొప్పి, వాపు ఉన్న రోజున శరీరానికి ఇన్సులిన్ అవసరం తరచుగా పెరుగుతుంది. తిండి తగ్గితే మోతాదు మార్చవలసి రావచ్చును గాని, ఇన్సులిన్‌ను పూర్తిగా ఎన్నడూ ఆపరాదు. చక్కెర పరీక్షించి, వైద్యులకు ఫోన్ చేసి, వారు చెప్పిన మోతాదు ఇవ్వండి. జావ, మజ్జిగ, మెత్తని అన్నం వంటివి కొద్దికొద్దిగా పెట్టండి.

ఇక మన నేలకు సంబంధించిన సంగతి. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల భూగర్భ జలాలలో అనేక చోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. అందుకే హొగెనకల్ నుంచి కావేరి నీటిని ఈ రెండు జిల్లాలకు తెచ్చే పథకాన్ని జపాన్ ఆర్థిక సహాయంతో నిర్మించి 2013లో ప్రారంభించారు. నల్లగొండ, ప్రకాశం ప్రాంతాల నుంచి వచ్చినవారికి ఈ బాధ కొత్త కాదు. ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. చక్కెర అదుపులో లేని పిల్లలకు దాహం ఎక్కువ, తాగే నీరు ఎక్కువ. ఆ నీరు బోరుబావిది అయితే లోపలికి పోయే ఫ్లోరైడూ ఎక్కువే. కాబట్టి అద్దె ఇంట్లో బోరునీరు తాగుతున్నవారు ఒకసారి దానిని తాగునీటి మండలి ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోండి. కాచడం వల్ల ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. తాగడానికీ వంటకూ సరఫరా నీటినే వాడటం మంచిది.

పళ్ల మీద ఫ్లోరైడ్ వల్ల ఏర్పడిన తెల్లని, గోధుమరంగు మచ్చలు మురికి కాదు. మధుమేహం వల్ల వచ్చినవీ కావు. బొగ్గుతో, ఇటుకపొడితో ఎంత రుద్దినా పోవు. పైపొర అరిగిపోవడమే మిగులుతుంది. అలాగని ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్టును మానవద్దు. నీటిని మింగుతాం, పేస్టును ఉమ్మివేస్తాం. తేడా అక్కడే ఉంది. మూడేళ్లలోపు వారికి బియ్యపుగింజంత, ఆరేళ్ల వరకు బఠాణీగింజంత పేస్టు పెద్దల కంటి ముందు వాడితే చాలు.

హోసూరు పారిశ్రామిక వాడలో మీలో చాలామంది షిఫ్టులలో పనిచేస్తారు. తల్లి ఉదయం షిఫ్టు, తండ్రి రాత్రి షిఫ్టు అయిన ఇంటిలో రాత్రి పళ్లు తోమించే పని ఎవరికీ చెందకుండా పోతుంది. దానిని ఒకరి పేరున స్పష్టంగా అప్పగించండి. రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోమాలి. అందులో రాత్రిది తప్పనిసరి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కనుక సూక్ష్మజీవులకు అడ్డు ఉండదు. ఏడెనిమిదేళ్ల వరకు పిల్లలు తోముకున్న తరువాత పెద్దలు ఒకసారి తామే తోమాలి. ఆరేళ్ల ప్రాయంలో, పాలపన్ను ఏదీ ఊడకుండానే, చివరన కొత్త దవడపన్ను వస్తుంది. అదీ పాలపన్నే అనుకుని వదిలేస్తారు. అది శాశ్వత దంతం. దాని గాళ్లలో పిప్పి పట్టకుండా పూత వేయవచ్చునా అని దంతవైద్యులను అడగండి.

చక్కెర పడిపోయినప్పుడు ఏం చేయాలి? రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే పళ్లు పాడవుతాయన్న ఆలోచనే రానీయకూడదు. వైద్యులు చెప్పినంత గ్లూకోజు వెంటనే ఇవ్వాలి. ఆ క్షణంలో తీపి ఔషధం. పిల్లవాడు తేరుకున్న తరువాత నీటితో నోరు పుక్కిలింపజేయండి. నమిలితే పళ్లకు అంటుకునే మిఠాయికన్నా నీటిలో కలిపిన గ్లూకోజు త్వరగా పనిచేస్తుంది, పళ్లకు తక్కువ హాని చేస్తుంది. స్పృహ తప్పితే మాత్రం నోటిలో ఏమీ పోయకండి. 108కి ఫోన్ చేయండి. తరచుగా రాత్రివేళ చక్కెర పడిపోతుంటే ఇన్సులిన్ మోతాదు గురించి వైద్యులతో మాట్లాడాలి.

దంతవైద్యుల దగ్గరకు నొప్పి వచ్చాక కాక, ఆరు నెలలకు ఒకసారి వెళ్లండి. ఉదయం టిఫిను తిని, ఇన్సులిన్ వేసుకున్న తరువాతి సమయం మేలు. గ్లూకోమీటరు, గ్లూకోజు, చక్కెర నమోదుల పుస్తకం వెంట ఉండాలి. మధుమేహం ఉన్నదని తప్పక చెప్పాలి. సంబంధాలు కుదరవేమోనన్న భయంతో ఆడపిల్ల జబ్బును బంధువుల దగ్గర దాచేవారున్నారు. ఆ దాపరికం దంతవైద్యుల కుర్చీ దాకా రాకూడదు. పన్ను తీశాక పుండు మానడం ఆలస్యమైతే కారణం వారికి తెలిసి ఉండాలి.

మందుల దుకాణంలో అడిగి మాత్రలు తెచ్చుకునే అలవాటు గురించి ఒక మాట. టెట్రాసైక్లిన్ కుటుంబానికి ఆద్యమైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి వెల్లడైంది. అది పుట్టిన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహించినవారు మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తెలుగువారు గర్వించదగిన ఆ మందే, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇస్తే ఎదుగుతున్న పళ్లను శాశ్వతంగా రంగు మార్చగలదు. మంచి మందు కూడా వైద్యుల చేతి మీదుగానే రావాలి.

యువతీయువకులారా, పదమూడు, పద్నాలుగేళ్లు దాటాక సూది మీరే వేసుకుంటారు, బ్రష్షు మీదే, నిర్ణయమూ మీదే. యౌవనంలో హార్మోన్ల మార్పు వల్ల చిగుళ్లు సులభంగా వాస్తాయి, చక్కెరా అదుపు తప్పుతుంది. గుట్కా, సిగరెట్టు వీటికి తోడైతే చిగుళ్లు తట్టుకోలేవు. చిగురు నుంచి రక్తం వస్తోందని తోమడం మానకండి. మెత్తని బ్రష్షుతో మరింత శ్రద్ధగా తోమండి. పళ్లకు తీగ కట్టించుకోవాలనుకుంటే, చక్కెర అదుపులో ఉన్నప్పుడు మధుమేహం మీకు అడ్డు కాదు.

చివరగా, నా వృత్తికి దగ్గరి విషయం. మనం పన్ను అనేదాన్ని తమిళులు పల్లు అంటారు, కన్నడిగులు హల్లు అంటారు. పోలిక తెలుస్తూనే ఉంది. చిగురు దగ్గర మాత్రం దారులు వేరవుతాయి. తమిళంలో చిగురును ‘ఈరు’ అంటారు. తెలుగు ఇళ్లలో ఈరు అంటే పేనుగుడ్డు. నర్సమ్మ ఈరు వాచిందని అంటే తల్లి బిడ్డ తల వెదకడంలో ఆశ్చర్యం లేదు. కన్నడంలో దానినే ‘వసడు’ అంటారు. కనుక ఈ వాక్యాలు కాగితం మీద రాసి సంచిలో ఉంచుకోండి. తమిళంలో: “కుళందైక్కు సర్కరై నోయ్ ఇరుక్కు. దినముం ఇన్సులిన్ పోడుగిరోం. ఈరిల్ రత్తం వరుదు.” బెంగళూరు వెళ్లేవారికి కన్నడంలో: “మగువిగె సక్కరె కాయిలె ఇదె. దినా ఇన్సులిన్ కొడ్తీవి. వసడినల్లి రక్త బర్తిదె.” బిడ్డకు జబ్బు ఉందనీ, రోజూ ఇన్సులిన్ ఇస్తున్నామనీ, చిగురులో రక్తం వస్తోందనీ వీటి భావం.

బడిలో తమిళం నేర్చిన పిల్లలే తల్లికి దుబాసీలుగా మారడం నేను తరచుగా చూస్తున్నాను. నొప్పితో ఉన్న బిడ్డ తన నొప్పిని తానే అనువదించుకోవలసి రావడం న్యాయం కాదు. పిల్లలు సగం చెప్పి సగం దాస్తారు, సూది అంటే భయం ఉన్నప్పుడు మరీను. ఆ మూడు వాక్యాలు మీ నోట పలకడం నేర్చుకోండి. ఈ రాత్రి పిల్లలు పడుకునే ముందు దీపం దగ్గర కూర్చోబెట్టి ఒకసారి నోరు తెరిపించి చూడండి. ఎర్రగా, ఉబ్బుగా ఏమైనా కనబడితే రేపే బయలుదేరండి.