పొటాషియం మందు: కొలతలో ఉంటేనే మేలు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే వాణ్ణి. అయితే మందు చీటీలో ఏం రాశారో, సీసా మీద ఏముందో చదివి చెప్పమని మన పెద్దవాళ్లు ఎక్కువగా వచ్చేది మాస్టర్ల దగ్గరికే గదా! అలాంటి చీటీల్లో తరచుగా కనిపించే మందు పొటాషియం క్లోరైడ్. "బలానికి ఇచ్చారు మాస్టారూ" అంటారు చాలామంది. ఈ ఒక్క మాటే ప్రమాదానికి మూలం. అందుకే ఈ రోజు దీనిని గురించి నాలుగు మాటలు చెప్పదలిచాను.

ముందు ఈ పేరు సంగతి. అరబ్బీలో చెట్లను కాల్చిన బూడిదను "అల్ ఖలీ" అనేవారు. ఆల్కలీ అనే మాట అక్కడిదే. పొటాషియానికి లాటిన్‌లో ఉన్న "కేలియం" అనే పేరు కూడా అక్కడినుంచే వచ్చింది. సైన్సు పుస్తకంలో దీని గుర్తు "పి" కాకుండా "కె" ఎందుకు అయిందని పిల్లలు అడుగుతుంటారు. జవాబు ఇదే. 1807లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ అనే శాస్త్రజ్ఞుడు కరిగించిన పొటాష్ గుండా విద్యుత్తును పంపి ఈ లోహాన్ని వేరు చేశాడు.

మన శరీరంలో ఉన్న పొటాషియంలో సుమారు 98 శాతం జీవకణాల లోపలే ఉంటుంది. రక్తంలో ఉండేది బహు కొద్ది. లీటరు రక్తరసంలో సుమారు 3.5 నుండి 5 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. కండరాలు కదలడానికి, నరాలు పనిచేయడానికి, ముఖ్యంగా గుండె లయ తప్పకుండా కొట్టుకోవడానికి ఈ కొద్దిపాటి కొలతే ఆధారం. తిండిలో ఎక్కువైన దానిని బయటికి పంపించే పని చాలావరకు మూత్రపిండాలది. అవి బాగున్నంతకాలం మనకు లెక్క చూసుకునే పనిలేదు. అవి దెబ్బతిన్నాయంటే లెక్క తప్పుతుంది.

మరి డాక్టరు ఈ మందు ఎందుకు రాస్తారు? గుండె జబ్బుకో, కాళ్ల వాపుకో ఫ్యూరోసెమైడ్ లాంటి నీరు తీసే మాత్ర ఇచ్చినప్పుడు మూత్రంతో పాటు పొటాషియం కూడా పోతుంది. వాంతులు, విరేచనాలు ఎక్కువైనా పోతుంది. అప్పుడు నీరసం, పిక్కలు పట్టేయడం, మలబద్ధకం, గుండెదడ వస్తాయి. బాగా తగ్గిపోతే కాళ్లు చేతులు పడిపోవచ్చు. పోయినదానిని పూడ్చడానికే ఈ మందు ఇస్తారు.

ఇక అసలు విషయానికి వస్తాను. దయచేసి శ్రద్ధగా వినండి. పొటాషియం తగ్గినా నీరసమే, పెరిగినా నీరసమే. తగ్గినా గుండెదడ, పెరిగినా గుండెదడ. పెరిగినప్పుడు ఒక్కోసారి ఏ లక్షణమూ కనిపించకుండానే గుండె ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. మనిషిని చూసి తగ్గిందో పెరిగిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. రక్తపరీక్ష చేయించాలి, అవసరమైతే ఇ.సి.జి. తీయించాలి. కాబట్టి నీరసంగా ఉందని మనంతట మనం ఈ మందు తాగడమంటే చీకట్లో మెట్లు దిగడమే.

ఒక ఇంటి సంగతి ఊహించండి. దాదీమాకు కాళ్ల వాపు వస్తే డాక్టరు నీటి మాత్ర, దానికి తోడుగా పొటాషియం సిరప్ రాశారు. వాపు తీసింది. రెండు నెలలకు నీటి మాత్ర ఆపేశారు. సిరప్ మాత్రం "బలం మందు గదా" అని మందుల షాపులో పాత చీటీ చూపించి తెస్తూనే ఉన్నారు. మధ్యలో బీపీకి కొత్త గోలీ వచ్చింది. మోకాళ్ల నొప్పులకు ఇంకో గోలీ వచ్చింది. ఆమె రోజురోజుకూ నీరసపడుతుంటే కోడలు ప్రేమతో ఇంకో మూత పోసింది. ఇందులో ఎవరి మనసూ చెడ్డది కాదు. కానీ ప్రాణం మీదికి రావడానికి ఇది చాలు.

ఎందుకంటారా? బీపీకి, గుండెకు వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టన్, టెల్మిసార్టన్ వంటి మందులు పొటాషియాన్ని శరీరంలోనే నిలిపి ఉంచుతాయి. స్పైరోనోలాక్టోన్ నీరు తీసే మందే అయినా పొటాషియాన్ని పోనివ్వదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కూడా దానిని పెంచగలవు. వీటికి తోడు సిరప్ కూడా పడిందంటే రక్తంలో కొలత మించిపోతుంది. ఇవి చెడ్డ మందులని నేను అనడం లేదు. వీటిని కలిపి వాడాలా వద్దా అన్నది డాక్టరు పరీక్ష చూసి తేల్చవలసిన విషయం.

డాక్టరు రాసిచ్చినవారు పాటించవలసిన జాగ్రత్తలు ఇవి:

1. సిరప్‌ను ఎన్నడూ ఉన్నది ఉన్నట్టు తాగరాదు. చెప్పిన కొలతను గ్లాసు నీళ్లలో కలిపి, భోజనం తర్వాత మెల్లమెల్లగా తాగాలి. లేకపోతే కడుపులో మంట, వాంతులు వస్తాయి.

2. వంటింటి చెంచాతో కొలవవద్దు. మామూలుగా దొరికే సిరప్‌లో 15 మిల్లీలీటర్లకు ఒకటిన్నర గ్రాముల పొటాషియం క్లోరైడ్, అంటే 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటుంది. సీసా మీద చదివి, గీతలున్న మూతతోనే కొలవండి.

3. నెమ్మదిగా కరిగే మాత్ర అయితే నమలవద్దు, నూరవద్దు. కూర్చుని, నిండు గ్లాసు నీళ్లతో మింగాలి. మింగిన వెంటనే పడుకోరాదు. గొంతు దిగువన నిలిచిపోతే పుండు పడుతుంది. మింగడం కష్టమైతే ఆ మాట డాక్టరుకు చెప్పండి.

4. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెట్టింపు వేయవద్దు.

5. నీటి మాత్ర ఆపినా, మార్చినా, "మరి పొటాషియం మందు?" అని అడగండి. ఆ రెండింటికీ జోడీ అని గుర్తుంచుకోండి.

6. డాక్టరు చెప్పిన రోజుకు రక్తపరీక్ష మానవద్దు. పొటాషియంతో పాటు క్రియాటినిన్ కూడా చూస్తారు. మూత్రపిండాల సంగతి దానితో తెలుస్తుంది.

7. మూత్రం తగ్గినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా ఆ రోజే డాక్టరును అడగండి. గుండె లయ తప్పినా, కాళ్లు లేవకపోయినా, స్పృహ తప్పినా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోండి. వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.

కిడ్నీ జబ్బు ఉన్నవారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఈ జబ్బు ఎన్ని కుటుంబాలను కుదేలు చేసిందో మీకు తెలుసు. ఇది చాలాకాలం బయటపడదు. మూత్రపిండాలు బాగుంటే మేలు చేసే కొబ్బరినీళ్లు, అరటిపండు, పండ్లరసాలు ఈ రోగులకు హాని చేయవచ్చు. ఓ మోస్తరు అరటిపండులో సుమారు 400 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. రోగిని చూడటానికి పోతూ కొబ్బరిబోండాలు పట్టుకెళ్లడం మన మర్యాద. కానీ ముందుగా ఇంట్లోవాళ్లను అడిగి తీసుకుపోవడం ఇంకా మంచి మర్యాద.

ఉప్పు విషయం కూడా వినండి. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో కొంత భాగం పొటాషియం క్లోరైడే. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు ఇటువంటి ఉప్పును సూచిస్తూనే, కిడ్నీ జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు, పిల్లలకు ఆ సూచన వర్తించదని చెప్పింది. ఇంటిల్లిపాదికీ ఒకే ఉప్పు డబ్బా గనుక కొనేముందు ఆలోచించండి.

చివరగా రంజాన్ మాట. ఖజూర్‌లో కూడా పొటాషియం బాగానే ఉంటుంది. ఆరోగ్యవంతులకు దిగులు లేదు. కిడ్నీ రోగులు మాత్రం ఎన్ని తినవచ్చో డాక్టరును అడగాలి. పగటి మోతాదు తప్పిందని ఇఫ్తార్ వేళ రెండు మోతాదులు కలిపి వేసుకోవడం ప్రమాదం. ఈ మందు వాడేవారు షాబాన్ నెలలోనే డాక్టరును కలిసి, రోజా ఉండవచ్చునా, మందు ఏ వేళకు మార్చుకోవాలి అని తెలుసుకోవాలి. జబ్బు మనిషికి దీన్‌లో సడలింపు ఉన్న సంగతి మనందరికీ తెలిసిందే.

అమ్మలారా, అయ్యలారా! ఇంటికి వెళ్లగానే మందుల డబ్బా ఒకసారి తీసి చూడండి. పాత పొటాషియం సీసా కనిపిస్తే అది ఎవరికి రాశారు, ఎప్పుడు రాశారు, ఇప్పుడు అవసరమా అని డాక్టరును అడగండి. పక్కింటివారికి పంచదార అప్పివ్వండి, కారం అప్పివ్వండి. ఈ సీసా మాత్రం ఇవ్వకండి.