మన అక్షరాలకు తాళం ఎవరి చేతిలో ఉంది?

(స్వర్ణోత్సవ సన్నాహక సభలో చేసిన ప్రసంగ పాఠం)

సంఘం పెద్దలకు, అప్పట్లాగే ఇప్పుడు కూడా వెనక బెంచీలు వెతుక్కుని కూర్చున్న నా బ్యాచ్ మిత్రులకు నమస్కారం.

బడి కంప్యూటర్ ల్యాబ్‌కు సంఘం ఏం చేస్తే బాగుంటుందో చెప్పమని కార్యదర్శిగారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. ల్యాబ్ దగ్గరికి వస్తాను. అంతకుముందు మన రజతోత్సవ సంచిక సంగతి ఒకటి చెప్పాలి.

పాతికేళ్ల కిందట ఆ సంచికను నాంపల్లిలో ఒక డీటీపీ సెంటర్‌లో టైపు చేయించాం. రాత్రి పదింటిదాకా ప్రూఫులు దిద్ది, ఇరానీ హోటల్లో చాయ్ తాగి ఇళ్లకు వెళ్లేవాళ్లం. అందులో మన తెలుగు సారు రాసిన వ్యాసం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఎలా ఏరుకోవాలో రాశారు. సారు ఇప్పుడు లేరు. ఆ వ్యాసాన్ని ఈ సంచికలో మళ్లీ వేద్దామని అనుకున్నాం. సంఘం బీరువాలో మిగిలిన ఒకే ఒక్క ప్రతిలో ఆ పేజీ అడుగుభాగాన్ని చెదలు తిన్నాయి. చివరి రెండు వాక్యాలు పోయాయి.

సీడీ మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని కంప్యూటర్‌లో పెడితే పేజీలు కట్టిన ఫైలు అసలు తెరుచుకోలేదు. ముడిపాఠం ఉన్న ఫైలు తెరుచుకుంది కానీ అందులో ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, ప్రశ్నార్థకాలు, డాలరు గుర్తులు కలగాపులగంగా కనబడ్డాయి. అప్పటి సాఫ్ట్‌వేర్ నడవాలంటే కంప్యూటర్ వెనక ఒక తాళంలాంటి చిన్న పరికరం తగిలించాలి. ఆ తాళం లేదు, అది తగిలించే కంప్యూటరూ ఇప్పుడు లేదు, ఆ డీటీపీ సెంటరూ లేదు. సారు రాసిన వాక్యాలు మన బీరువాలోనే, మన సీడీలోనే ఉన్నాయి. మనం మాత్రం చదవలేం.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ రోజుల్లో ప్రతి సంస్థా తన ఫాంటును తనకు తోచినట్టు అమర్చుకునేది. ఇంగ్లీషు అక్షరం ఉండే గడిలో ఒకరు ‘క’ పెడితే, ఇంకొకరు అదే గడిలో ఒక వత్తు పెట్టేవారు. ఆ ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు. ఇప్పుడు అలా కాదు. 1991లో వచ్చిన యూనికోడ్ ప్రతి తెలుగు అక్షరానికీ ఒక స్థిరమైన సంఖ్య ఇచ్చింది. ‘అ’ సంఖ్య 3077. నాంపల్లిలో టైపు చేసినా న్యూజెర్సీలో తెరిచినా అది ‘అ’గానే ఉంటుంది. ఆ సంఖ్య ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు.

అదే 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి లైనక్స్ మొదలుపెట్టాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. ఈ రెండూ కలిసిందే ఈ రోజు మనం లైనక్స్ అని పిలుస్తున్న వ్యవస్థ. దాని షరతులు మన సారు వ్యాసం చదివినవాళ్లకు కొత్తగా అనిపించవు. ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకాన్ని మనం చదవచ్చు, అంచుల్లో రాసుకోవచ్చు, తమ్ముడికి ఇవ్వచ్చు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను కూడా అలాగే వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడవచ్చు, మార్చుకోవచ్చు, కాపీ చేసి పంచవచ్చు.

నేను లైనక్స్‌ను మొదట చూసింది కూడా ఆ ఫుట్‌పాత్ మీదే. పాత పీసీక్వెస్ట్ పత్రిక కొంటే దానితోపాటు ఒక సీడీ ఇచ్చారు. ఆ రాత్రే ఇన్‌స్టాల్ చేశాను. హార్డ్ డిస్కులో ఏ భాగం తుడిచేస్తున్నానో సరిగ్గా చదవకుండా ఎంటర్ నొక్కాను. తెల్లారేసరికి లైనక్స్ వచ్చింది, బావగారి పెళ్లి లెక్కలు పోయాయి. ఆ తప్పు పూర్తిగా నాదే. బావగారు ఇప్పటికీ ఏ శుభకార్యం జరిగినా ఆ మాట ఎత్తుతారు. అందుకని నా మొదటి సలహా ఒకటే: ముందు మీ ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. తరువాతే ఏ ప్రయోగమైనా.

ఇప్పుడు ల్యాబ్ సంగతి. మన బడిలో 20 కంప్యూటర్లు ఉన్నాయి. అన్నీ విండోస్ 10తో నడుస్తున్నాయి. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే ఈ ప్రాసెసర్లు దాని జాబితాలో లేవు. కాబట్టి పాతవి తీసేసి కొత్తవి కొందాం, చందాలు వేసుకుందాం అన్నది సంఘం ముందున్న ప్రతిపాదన. మీ దాతృత్వాన్ని నేను కాదనడం లేదు. కానీ ఆ కంప్యూటర్లు పాడవలేదు. నేనూ ఇద్దరు జూనియర్లూ ఒక శనివారం వెళ్లి పెన్‌డ్రైవ్ నుంచే లైనక్స్ నడిపి చూశాం. డిస్కు ముట్టుకోకుండానే అలా పరీక్షించవచ్చు. 20లో 18 చక్కగా నడిచాయి. మిగిలిన రెండింటిలో ఒకదానికి ర్యామ్, ఇంకోదానికి హార్డ్ డిస్కు మార్చాలి.

ఏ లైనక్స్ వేయాలి అని అడుగుతారు. వందల రకాలున్నాయి, అందుకే కొత్తవాళ్లు బెదిరిపోతారు. నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఎన్నేళ్లు మద్దతు ఉంటుంది? ఇబ్బంది వస్తే మన ఊళ్లో చెప్పేవాళ్లు ఉన్నారా? మన పాత కంప్యూటర్ మోయగలదా? 1993 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుతున్న డెబియన్ గానీ, విండోస్ అలవాటున్నవాళ్లకు తొందరగా పట్టుబడే లైనక్స్ మింట్ గానీ ఈ మూడింటికీ సరిపోతాయి. వాటి మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ వేసుకుంటే పాత మెషీన్ కూడా హాయిగా నడుస్తుంది. మన హైదరాబాదులోనే ‘స్వేచ్ఛ’ సంస్థ కార్యకర్తలు తెలుగులో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశారు, పిల్లల కోసం ‘బాలస్వేచ్ఛ’ తెచ్చారు. పక్కన కేరళ ప్రభుత్వ బడులు ఏళ్ల తరబడి లైనక్స్ మీదే పాఠాలు చెబుతున్నాయి. మనం కొత్తగా సాహసం చేయడం లేదు.

ఇక డెస్క్‌టాప్‌ను మనకు కావలసినట్టు దిద్దుకోవడం. ఇందులో నేను చాలా రాత్రులు తగలేశాను. ఒకప్పుడు తెర ఘనంలా గిర్రున తిరిగేది, కిటికీలు అలల్లా ఊగేవి. మా ఆవిడ చూసి, “బాగుంది గానీ, కరెంటు బిల్లు ఫైలు ఎక్కడుంది?” అంది. నాకూ దొరకలేదు. అప్పుడు బుద్ధి వచ్చింది. తరువాత మా నాన్నగారికి కంప్యూటర్ సిద్ధం చేసినప్పుడు అనవసరమైనవన్నీ తీసేశాను. తెర మీద మూడే బొమ్మలు: ఉత్తరాలు, పేపరు, పాటలు. మెనూలు తెలుగులో, అక్షరాలు పెద్దవిగా, కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్‌లో. ఆ మూడు బొమ్మలతోనే ఆయన ఎనభై పేజీల స్వీయచరిత్ర టైపు చేశారు. వాడేవాడికి అడ్డం రాకుండా ఉండటమే డెస్క్‌టాప్‌కు అందం అని నాకు అప్పుడు తెలిసింది.

ల్యాబ్‌కూ అదే పద్ధతి. చిన్న తరగతులకు జీకాంప్రిస్, టక్స్ పెయింట్. పెద్దవాళ్లకు లిబ్రెఆఫీస్, జియోజీబ్రా, పైథాన్. తెలుగుకు తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు. స్వేచ్ఛగా పంచుకునే లైసెన్సుతో వచ్చిన సురవరం, మండలి ఫాంట్లు కూడా. ఒక కంప్యూటర్‌ను ఇలా సిద్ధం చేసి మిగతావాటికి కాపీ చేస్తే ఒక ఆదివారం పని.

దీనికి ఇబ్బందులు లేవని చెప్పను. ఆఫీసు గదిలో ట్యాలీ నడిచే కంప్యూటర్‌ను కదపొద్దు, దాని పని దాన్ని చేసుకోనివ్వండి. ప్రింటర్ కొనేముందు లైనక్స్‌కు పనికొస్తుందో లేదో కనుక్కోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, కంప్యూటర్ టీచరుగారికి మొదటి ఏడాది తోడుండాలి. మనం వేసి వెళ్లిపోతే ఆరు నెలల్లో ల్యాబ్‌కు తాళం పడుతుంది. కాబట్టి సంఘాన్ని నేను అడిగేది డబ్బు కన్నా మనుషుల్ని. నెలకొక శనివారం వచ్చే పదిమంది కావాలి. మిగిలిన చందాతో ర్యామ్ కొందాం, గ్రంథాలయానికి పుస్తకాలు కొందాం.

సారు రెండు వాక్యాల మాట మరిచిపోలేదు. అచ్చుపేజీలో చెదలు తినని భాగాన్నీ, సీడీలోని గజిబిజినీ పక్కపక్కన పెట్టుకుని, ఏ గుర్తు ఏ అక్షరమో ఒక పట్టిక రాసుకుంటూ పోయాను. రెండు ఆదివారాలు పట్టింది. ఆ పట్టికతో చిన్న పైథాన్ ప్రోగ్రాం రాస్తే, మూడో ఆదివారం రాత్రి తెర మీద సారు మాటలు వచ్చాయి: “పాత పుస్తకం కొన్నప్పుడు ముందువాడి పేరు కొట్టేయకండి. దాని కింద మీ పేరు రాసి, మరొకరికి చోటు వదలండి.”

నేను కుర్చీలోంచి లేచి కాసేపు అటూ ఇటూ తిరిగాను. ఓపెన్ సోర్స్ లైసెన్సులు ఎన్నో చదివాను. ముందు రాసినవారి పేరు చెరపవద్దని అవి కూడా చెబుతాయి. సారుకు కంప్యూటర్ ఆన్ చేయడం కూడా వచ్చేది కాదు.

ఈ స్వర్ణోత్సవ సంచికను మొత్తం యూనికోడ్‌లో టైపు చేయిస్తున్నాం. ఫైళ్లను ఎవరైనా తెరవగలిగే ఓడీఎఫ్ పద్ధతిలో దాచి, బడి గ్రంథాలయంలో ఒక ప్రతి, సంఘం దగ్గర ఒక ప్రతి పెడతాం. ఇంకో పాతికేళ్లకు వజ్రోత్సవమో మరొకటో చేసుకునే పిల్లలు వాటిని తెరిస్తే ‘అ’ అనేది ‘అ’గానే కనబడాలి. వచ్చే శనివారం ఉదయం పదింటికి నేను ల్యాబ్‌లో ఉంటాను. పెన్‌డ్రైవులు నేను తెస్తాను. చాయ్ ఖర్చు వెనక బెంచీలవాళ్లది.