జోస్యం చెప్పే గుర్తు, మందు చెప్పే గుర్తు

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, నాందేడ్)

ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలిన ఇంట్లో డాక్టరును అడిగే మొదటి మాట ‘పాకిందా?’ అని. రెండోది, గొంతు తగ్గించి, ‘ఎన్నాళ్ళు?’ అని. ఈ రెండింటికీ జవాబు కణితి లోపలి జన్యువుల్లో, ప్రొటీన్లలో దొరుకుతుందని పరిశోధకులు దశాబ్దాలుగా వెతుకుతున్నారు. వేలకొద్దీ పత్రాలు అచ్చయ్యాయి. వాటి మధ్య ఒక గీత గీయడమే ఈ ప్రసంగం పని. కొన్ని గుర్తులు రోగికి ఏమవుతుందో చెప్పి ఊరుకుంటాయి. కొన్ని ఏ మందు పనిచేస్తుందో చెబుతాయి. మొదటి రకం ఎంత ఘనంగా కనిపించినా రోగికి ఒరిగేది తక్కువ. రెండో రకం ఆ జోస్యాన్నే తిరగరాస్తుంది. డబ్బు, సమయం రెండూ కొరతగా ఉండే నాందేడ్ లాంటి జిల్లాలో ఏ పరీక్ష ముందు చేయించాలో ఈ తేడాయే తేల్చాలి.

ముందు పాకడం సంగతి. 1889లో లండన్ శస్త్రవైద్యుడు స్టీఫెన్ పేజెట్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది స్త్రీల వివరాలు పరిశీలించి, కణితి ఎక్కడ పడితే అక్కడికి చేరదనీ, విత్తనానికి తగిన నేల దొరికిన చోటే మొలుస్తుందనీ అన్నాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు అలాంటి నేలలు మెదడు, ఎముకలు, కాలేయం, అడ్రినల్ గ్రంథులు. కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచే ఇ-క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీన్ తగ్గితే పట్టు సడలి కణం కదలడం మొదలుపెడుతుంది. పాకడాన్ని అణచే జన్యువుగా ఎన్‌ఎం23 1988లో వెలుగులోకి వచ్చింది. 2003లో జర్మనీ పరిశోధకులు తొలిదశ ఊపిరితిత్తుల కణితుల్లో ఒక ఆర్‌ఎన్‌ఏను గుర్తించారు. అది ఎక్కువగా ఉన్న కణితులు తరవాత పాకడం చూసి దానికి మాలాట్-1 అని, పాకడమనే అర్థం వచ్చేలా పేరు పెట్టారు. జీవశాస్త్రపరంగా ఇవన్నీ విలువైన సంగతులే. కానీ ఇన్నేళ్ళు గడిచినా చికిత్స మార్గదర్శకాల్లో ఎన్‌ఎం23కి గానీ మాలాట్-1కి గానీ చోటు దొరకలేదు.

ఎందుకు దొరకలేదు? చిన్న సంఖ్యలో రోగులు, ఫలితం బాగా కనిపించే చోట గీసుకున్న హద్దు, ఒకచోట తేలింది మరోచోట తేలకపోవడం: మామూలు కారణాలు ఇవే. పెద్ద పత్రికల్లో వచ్చినవీ నిలబడలేదు. తొలిదశ ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎవరికి తిరగబెడుతుందో జన్యువుల తీరు చూసి చెప్పగలమని డ్యూక్ విశ్వవిద్యాలయం బృందం 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రకటించింది. 2011లో ఆ పత్రాన్ని ఉపసంహరించుకోవలసి వచ్చింది. అక్కడ నిజాయితీ ప్రశ్న ఉంది కాబట్టి దాన్ని పక్కన పెడదాం. నిజాయితీగా చేసిన పని కూడా ఎలా జారుతుందో చూడటానికి ఇఆర్‌సీసీ1 కథ మేలు. ఈ ప్రొటీన్ దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేస్తుంది. ఇది లేని కణితులున్నవాళ్ళకే శస్త్రచికిత్స తరవాత సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు మేలు చేస్తుందని 2006లో అదే పత్రికలో ఒక బృందం చూపించింది. ఎంతో ఆశ పుట్టింది. 2013లో అదే పరిశోధన పరంపర వాళ్ళు మళ్ళీ పరీక్షిస్తే ఆ ఫలితం రాలేదు. ఆ ప్రొటీన్‌కు 4 రూపాలున్నాయి, పనిచేసేది ఒక్కటే. మార్కెట్లో దొరికే 16 యాంటీబాడీల్లో ఒక్కటీ ఆ ఒక్కదాన్ని విడిగా పట్టుకోలేకపోయింది. తమ ఫలితాన్ని తామే కాదన్న ఆ పత్రం, నా లెక్కలో, మొదటిదానికంటే గొప్పది.

ఇక రెండో రకం. 2004లో అమెరికాలో రెండు బృందాలు ఇంచుమించు ఒకేసారి ఒక చిక్కు విప్పాయి. గెఫిటినిబ్ మాత్ర చాలామందికి పనిచేయకుండా కొద్దిమందిలో మాత్రం కణితిని కరిగించడానికి కారణం, ఆ కొద్దిమంది కణితుల్లో ఇజిఎఫ్‌ఆర్ జన్యువులో వచ్చిన మార్పు. 2009లో ఫలితాలు వెలువడిన ఐపాస్ అనే మందుల పరీక్షలో, పొగ తాగని లేక కొద్దిగానే తాగిన ఆసియా రోగుల్లో ఈ మార్పు ఉన్నవాళ్ళకు గెఫిటినిబ్ ఇస్తే 100 మందిలో 71 మందికి కణితి తగ్గింది. మార్పు లేనివాళ్ళలో తగ్గింది 100కి ఒక్కరికే. వాళ్ళకు కీమోయే మేలు. ఒకే మాత్ర ఒకరికి ప్రాణం, ఇంకొకరికి కాలహరణం. ఏఎల్‌కే జన్యువు సంగతి ఇంకా స్పష్టం. 2007లో జపాన్‌లో బయటపడ్డ ఈ అతుకు జన్యువు (మరో జన్యువుతో అతుక్కున్న ఏఎల్‌కే) ఉన్న క్యాన్సర్ మెదడుకు పాకడంలో పేరుమోసింది. పాకే స్వభావాన్ని బట్టి మాత్రమే లెక్కిస్తే ఇది చెడ్డ గుర్తు. అదే గుర్తు చూసి ఇచ్చే లోర్లాటినిబ్‌తో, ముదిరిన దశలో ఉన్నవాళ్ళలో 60 శాతం మందికి 5 ఏళ్ళ తరవాత కూడా జబ్బు పెరగలేదని 2024లో తేలింది. పాత మందు క్రిజోటినిబ్‌తో ఆ సంఖ్య 8 శాతం. జన్యువు అదే, మందు మారింది, జోస్యం తలకిందులైంది. కాబట్టి ఒక గుర్తు మంచిదా చెడ్డదా అన్నది కణితి ఒక్కటే తేల్చదు, రోగికి ఏ మందు అందుతుందన్నదీ తేలుస్తుంది.

ఇక్కడికి వచ్చాక సుబ్బారావుగారిని తలుచుకోవడం మర్యాద కోసం కాదు. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళిన ఆయన లెడర్లే సంస్థలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేయించారు. దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్ ఆయన బృందం చేతుల్లోంచే వచ్చింది. దానితో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లల్లో, కొంతకాలమే అయినా, జబ్బును వెనక్కి నెట్టాడు. ఆ ఫలితాలు అచ్చయిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్ వంశంలో తరవాత వచ్చిన మందు పెమెట్రెక్సెడ్. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు ఇజిఎఫ్‌ఆర్ మార్పు ఉన్న 350 మంది రోగులను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి గెఫిటినిబ్ మాత్రమే, రెండో వర్గానికి దానితోపాటు పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ ఇచ్చారు. జబ్బు పెరగకుండా గడిచిన మధ్యస్థ కాలం 8 నెలల నుంచి 16 నెలలైంది. తీవ్రమైన దుష్ఫలితాలు 25 శాతం నుంచి 51 శాతానికి పెరిగాయి, అది దాచకూడదు. అయినా ఇది మన రోగుల మీద, మన రాష్ట్రంలో, జెనరిక్‌గా దొరికే మందులతో చేసిన పని. గుర్తు తెలిసింది కాబట్టే ఈ ప్రశ్న అడగగలిగారు.

అభ్యంతరాలు ఉంటాయి. మన దగ్గర ఎక్స్‌రేలో మచ్చ కనబడితే ముందు టీబీ మందులు మొదలవుతాయి, నెలలు గడిచాక క్యాన్సర్ అని తెలుస్తుంది, అప్పటికే ముదిరిపోతుంది, ఇక జన్యు పరీక్ష దేనికి అని కొందరు. ఆలస్యం నిజం, దాన్ని తగ్గించాలి. కానీ ముదిరిన దశలో కోత పనికిరాదు, మందే దిక్కు. గుర్తు ఎక్కువ అక్కరకొచ్చేది అక్కడే. బీడీ మాన్పించడానికి పెట్టవలసిన డబ్బు జన్యువులకా అని ఇంకో మాట. 2016-17 జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో 7.7 శాతం బీడీ తాగుతున్నారు, కాబట్టి మాన్పించే పని ముందుదే. అయితే అది జబ్బు రాకుండా కాపాడుతుంది, వచ్చినవాళ్ళను కాదు. పైగా టాటా మెమోరియల్ పరిశీలించిన 907 మంది అడినోకార్సినోమా (ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకం) రోగుల్లో 23 శాతానికి ఇజిఎఫ్‌ఆర్ మార్పు ఉంది, ఈ మార్పు పొగ తాగనివాళ్ళలోనే ఎక్కువ. జోస్యం చెప్పే గుర్తులన్నీ వ్యర్థమా అంటే, కాదు. కోసి తీసేశాక ఎవరికి తిరగబెడుతుందో చెప్పే గుర్తుకు పక్కన మందు కూడా ఉంటే అది పరిశోధనశాల దాటి వస్తుంది. ఇజిఎఫ్‌ఆర్ మార్పు ఉన్నవాళ్ళకు కోత తరవాత ఓసిమెర్టినిబ్ ఇస్తే 5 ఏళ్ళకు 88 శాతం బతికి ఉన్నారు, ఇవ్వనివాళ్ళలో 78 శాతం. ఆ మందు ఖరీదు మాత్రం ఇంకా మన ఇళ్ళకు భారమే. 2024 బడ్జెట్లో కస్టమ్స్ సుంకం తీసేయడం మంచిదే గాని చాలదు.

ఇదంతా ఒక చిన్న బయాప్సీ ముక్క మీద ఆధారపడి ఉంది. ఫార్మలిన్‌లో ఎక్కువ రోజులు నానితే డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. ఎముక ముక్కను ఘాటైన ఆమ్లంలో మెత్తబరిస్తే జన్యు పరీక్షకు మిగిలేది ఉండదు. రంగులు వేయడానికే ముక్కంతా ఖర్చు చేస్తే పరీక్షకు దిక్కుండదు, మళ్ళీ సూది గుచ్చాలి. కిన్వట్, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ నుంచి కొందరు ముంబైకి, కొందరు దగ్గరని హైదరాబాదుకు వెళతారు. ఎక్కడికి వెళ్ళినా బ్లాక్, అంటే మైనంలో భద్రపరచిన ఆ బయాప్సీ ముక్క, వెంట ఉండాలి. ఈ జిల్లా ప్యాథాలజిస్టులకు నా మనవి: ముక్కలో కొంత జన్యు పరీక్షకు అట్టేపెట్టండి. కుటుంబాలకు మనవి: బ్లాక్ అడిగి తీసుకోండి, అది రోగిది. అడినోకార్సినోమా అని రాసి ఉంటే, ఒంట్లో ఓపిక ఉన్నంతవరకు, ఇజిఎఫ్‌ఆర్, ఏఎల్‌కే ఫలితం చేతికి వచ్చాకే ఏ మందు మొదలుపెట్టాలో డాక్టరుతో తేల్చుకోండి.