బాలసాహిత్యము – విశ్వవిద్యాలయ విద్య



బిడ్డకు కథ చెప్పుటకై అమ్మమ్మ ఏ కళాశాలలోను చేరలేదు. అట్టిచో బాలసాహిత్యము చదువుటకు విశ్వవిద్యాలయమున చేరనేల యని పలువురు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే.

అమ్మమ్మ యెదుట బిడ్డ కూర్చుండును. వాడు ఆవులించిన ఆమె కథను కుదించును. బెదరిన గొంతు తగ్గించును. అచ్చు పుస్తకమునకు ఆ నేర్పు లేదు. దానిని వ్రాయువారు, అచ్చు వేయించువారు, కొనువారు, బహుమతి నిచ్చువారు అందరును పెద్దలే. చదువవలసిన పసివానికి మాత్రము ఆ నిర్ణయములలో పాలు లేదు. కావున వాని పక్షమున పుస్తకము నెన్నువారికి శిక్షణ యవసరము.

ఈ యవసరమును గుర్తించి అమెరికాలోని బోస్టన్ నగరమున సిమన్స్ కళాశాలలో 1977లో బాలసాహిత్య అధ్యయన కేంద్రమును స్థాపించి, ఎం.ఏ. పట్టమునకు బోధన మొదలిడిరి. వర్జీనియా రాష్ట్రమందలి హాలిన్స్‌లో 1992లో ఇట్టి తరగతులు వేసవికాలమున ఏర్పడినవి. ఉపాధ్యాయులును గ్రంథపాలకులును కొలువు మానకయే కొన్ని వేసవులలో చదువు ముగించుకొనుటకు వీలు కలిగినది.

అట్టి తరగతులలో అభ్యసించునదేమి? ఒక్క ఉదాహరణము చాలును. 1744లో లండను పుస్తక వర్తకుడు జాన్ న్యూబెరీ పిల్లలకొక చిన్న పుస్తకమును ప్రకటించెను. వెల ఆరు పెన్నీలు. మరి రెండు పెన్నీలిచ్చిన బాలునకు బంతియు, బాలికకు గుండుసూదుల మెత్తయు లభించెడివి. వానికి ఒకవైపు ఎరుపు, మరొకవైపు నలుపు. మంచిపని చేసిన ఎర్రవైపున, చెడ్డపని చేసిన నల్లవైపున సూది గ్రుచ్చవలెను. సామాన్య పాఠకుడు దీనిని వింతగా చదివి విడుచును. విద్యార్థి ఆగి యోచించును: ఇది ఆటవస్తువా, నడవడి లెక్కల చిట్టాయా? బాలునకొకటియు బాలికకొకటియు పంచినదెవరు? సంతోషపెట్టుచునే పుస్తకము ఏమి బోధించుచున్నది?

మన తెలుగునను ఇట్టి పరిశీలనకు కొదవలేదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ను, నాగిరెడ్డి, చక్రపాణిగార్లు 1947లో ‘చందమామ’ను వెలువరించిరి. ఏ కథ ఏ యీడు పిల్లలకు, ఎట్టి మాటలలో అందినదో వాని సంపుటములు తెలుపగలవు.

పట్టము కల్పనాశక్తిని ప్రసాదింపదు. రచయిత కావలెనను కోరికతోనే అప్పుచేసి చేరుట వివేకము కాదు. పిల్లలకు ఏడాదిపాటు బిగ్గరగా చదివి వినిపించి, వారి మౌనమును, నవ్వును, విసుగును గమనించిన పిమ్మట చేరిన యాతనికి ప్రతి పాఠమును సార్థకమగును.

పల్లెటూరి గ్రంథాలయమున ఈ సన్నాహమునకు ఖర్చు లేదు. పిల్లలు ఏ పుస్తకమును మరల మరల అడిగిరో, దేనిని సగము చదివి తిరిగి యిచ్చిరో ఒక నోటుపుస్తకమున వ్రాసి యుంచిన చాలును. రేపు ఈ గ్రామమునుండి విశ్వవిద్యాలయమునకు వెడలు యువతికో యువకునికో అదియే మొదటి పాఠ్యగ్రంథము కాగలదు.