అరగని టైరుకీ వయసైపోతుంది

ఈ ఎపిసోడ్ మా తడ నుంచే. పోయిన వారం అమ్మానాన్నల్ని కార్లో చెన్నై తీసుకెళ్లాలి. "టైర్లు అరగలేదు కదరా, బండి తిరిగిందే తక్కువ" అన్నాడు నాన్న.

నిజమే, అరగలేదు. గాట్ల లోతు 1.6 మిల్లీమీటర్లకి వస్తే మార్చాలి, అది దాటే ఉంది. కానీ టైరు పక్కన డీఓటీ నంబర్ చివర 2314 అని ఉంది. అంటే 2014లో 23వ వారం తయారైంది!

బండి ఇంట్లోనే ఉన్నా ఎండకీ గాలికీ రబ్బరు గట్టిపడుతుంది, పగుళ్లిస్తుంది. హైవే మీద వేడెక్కితే పేలిపోవచ్చు. అయిదేళ్లు దాటితే ఏటా చూపించండి. పదేళ్లు దాటితే మార్చేయండి, స్టెప్నీతో సహా.

మేమైతే ఆ రోజు సూళ్లూరుపేట నుంచి వచ్చే లోకల్ రైలెక్కాం. మీరు ఇప్పుడే కిందికెళ్లి ఆ నాలుగంకెలు చూసి రండి.