తేలిక రైఫిలు, బరువైన తూటా
(సూరత్‌లో జరిగిన వార్షిక సమ్మేళనంలో చేసిన ప్రసంగం)



ఏటా ఈ మైకు ముందు పెన్షను గురించో, ఇసిహెచ్ఎస్ కార్డు గురించో మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు "సాబ్, మీ ట్రేడు గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. నా ట్రేడు ఆర్మరర్. 1986లో ఇఎంఇలో చేరి సుబేదారుగా బయటికొచ్చాను. ఎస్ఎల్ఆర్, ఇన్సాస్, కార్బైన్, కార్ల్ గుస్తావ్... వాటి నూనె వాసనతోనే వయసు గడిచింది. నా చదువు ఇంటర్మీడియట్టే. లెక్కలు ఎక్కువ చెప్పను, భయపడకండి.

నేను సెక్యూరిటీ సూపర్‌వైజరుగా ఉన్న మిల్లు సేఠ్‌గారి మేనల్లుడొకడు టాంజానియాలో ఉంటాడు. తాతల కాలంలో ఇటునుంచి తూర్పు ఆఫ్రికా వెళ్ళిన గుజరాతీ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కదా, అలాంటి ఇల్లే. కుర్రాడి ఉద్యోగం వేట గైడు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ వ్యాపారం మూతపడింది. అక్కడ మాత్రం సర్కారు లైసెన్సుతో ఇప్పటికీ నడుస్తోంది. డబ్బు కట్టి వచ్చినవాడు అడవిదున్నను కాలుస్తాడు. గురి తప్పి అది గాయంతో పొదలో దూరితే, దాని వెనక వెళ్ళి పని ముగించాల్సింది గైడు.

దీపావళికి వచ్చినప్పుడు సేఠ్‌గారు నా దగ్గరికి పంపారు. అతనిది .458 రైఫిలు. టెలిస్కోపు, రౌండ్లతో కలిపి 5 కిలోలు. రోజంతా ఎండలో నడక. మధ్యాహ్నం దాటేసరికి అందరూ చేసే పనే అతనూ చేసేవాడు, రైఫిలు జాడలు తీసే మనిషి భుజానికి తగిలించేవాడు. ఒకరోజు గాయపడ్డ దున్న పొదలోంచి ఒక్కసారిగా వచ్చింది. రైఫిలు పది అడుగుల వెనక ఉంది. అది చేతికి అందేలోపు వచ్చిన అతిథి తొడలో కొమ్ము దిగింది. ప్రాణం దక్కింది కానీ, ఆ సంగతి చెప్తున్నప్పుడు ఈ కుర్రాడి చేతిలో చాయ్ అలాగే చల్లారిపోయింది.

"అంకుల్, నాకు మూడున్నర కిలోల రైఫిలు కావాలి. ఎలా చేయించాలో చెప్పండి" అన్నాడు.

ఇది కొత్త సమస్యేమీ కాదు. మన బొలారంలో 1910లో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ పేరు మీలో కొందరు విని ఉంటారు. మన మామండూరు, చామల అడవుల్లో కూడా తిరిగినవాడు. ఆయన నమ్ముకున్నది .405 వించెస్టర్, 1895 మోడల్. పెద్ద తూటా, కానీ ఒంటరిగా మోసుకు తిరగగలిగే తుపాకీ. దాని తన్ను మాత్రం అప్పట్లోనే పేరు మోసింది.

అసలు పేచీ ఆ తన్ను దగ్గరే. మన 7.62 తూటా తొమ్మిదిన్నర గ్రాములు. .458 తూటా 32 గ్రాములు, మూడింతలకు పైన. అంత బరువును ముందుకు తోసిన తుపాకీ వెనక్కి తన్నక మానదు. తుపాకీ బరువు ఎంత తగ్గితే దెబ్బ అంత పెరుగుతుంది. 5 కిలోలది మూడున్నరకు దించితే నూరు ఉన్న దెబ్బ నూట నలభై దాటుతుంది. ఒక రౌండుకు భుజం ఓర్చుకుంటుంది. నాలుగో రౌండుకు మనసు ముందే కళ్ళు మూస్తుంది. రేంజిలో కొత్త జవాన్లను చూసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

అందుకని కాగితం మీద గీసి చెప్పాను. ముందు టెలిస్కోపు తీసెయ్, అరకిలో పోతుంది. ఇరవై గజాల్లో మీద పడే జంతువుకు అద్దం దేనికి? వెనక వెడల్పాటి వి గాడి, ముందు పెద్ద తెల్ల పూస చాలు. 24 అంగుళాల బ్యారెల్ 21 చెయ్యి. ఇంచికి పాతిక అడుగుల వేగం పోవచ్చు, అంత దగ్గర్లో అదేం లెక్క కాదు. కర్ర బట్ తీసి ఫైబర్‌గ్లాసుది వెయ్యి, వానకు ఉబ్బదు. స్లింగు కొక్కెం బ్యారెల్ మీదికి జరుపు, లేకపోతే పేలినప్పుడు ఎడమ చెయ్యి చీరుతుంది. బట్ లోపల బ్యారెల్ కింది ఉక్కు పళ్ళు గట్టిగా కూర్చోవాలి, రెండోది కూడా పెట్టించు. మూతికి బ్రేక్ బిగిస్తే తన్ను తగ్గే మాట నిజమే, కానీ పక్కనున్న మనిషి చెవులు పోతాయి. గైడు ఒంటరివాడు కాదు కదా, వద్దన్నాను. అన్నిటికంటే ముఖ్యం, డమ్మీ రౌండ్లు రెండు వందలసార్లు ఎక్కించి తియ్యి, తుపాకీ పక్కకు పెట్టి, తలకిందులు పెట్టి. ఒక్కటి ఇరుక్కున్నా అడవికి తీసుకెళ్ళకు.

ఇక్కడిదాకా సరిగ్గానే చెప్పాను. చివర్లో, ఇంకా తగ్గించాలని పట్టుబడితే, "బట్ లోపల తొలిపించు" అన్నాను. అది నా తప్పు.

రెండు నెలలకు ఫోను. 3.6 కిలోలకు దిగింది, చూడ్డానికి ముచ్చటగా ఉంది అన్నాడు. పాత పరీక్ష ఒకటి చేయమన్నాను. మీకు తెలిసిందే. అసలు రౌండ్ల మధ్య డమ్మీలు కలిపి, ఏది ఎప్పుడొస్తుందో తెలియకుండా వేరేవాడి చేత నింపించి రేంజిలో కాల్చాలి. ఐదు డమ్మీల్లో మూడింటికి మూతి కిందికి వంగిందట. పైగా వెనక తేలికై బరువంతా ముందుకు పడింది. భుజానికి ఎత్తడం ఆలస్యమవుతోంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాగితం మీద గీసింది నేను, దున్న ముందు నిలబడేది ఆ పిల్లాడు.

పొద్దున్నే ఫోన్ చేసి తప్పు నాదేనని ఒప్పుకున్నాను. తొలిచిన చోట సీసం నింపమన్నాను. నాలుగు వందల గ్రాములు పట్టింది. మొత్తం సరిగ్గా 4 కిలోలు. మెత్తటి రబ్బరు ప్యాడు వేసి, బట్ పొడవు అతని చేతి కొలతకు తగ్గించాక మళ్ళీ పరీక్ష. ఐదింట్లో ఒక్కటే వంగింది. ఇంకో నెల సాధన చేశాక అదీ పోయిందన్నాడు.

ఇక మనలో చాలామంది 12 బోరుతో బ్యాంకుల దగ్గర, వజ్రాల ఆఫీసుల దగ్గర నిలబడుతున్నాం. ఇది విని ఇంటికెళ్ళి రంపం తియ్యకండి సోదరులారా. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా బ్యారెల్ పొట్టి చేయడం నేరం. పోయిన ఏడు ఒకాయన బస్సులో ఇబ్బందిగా ఉందని నన్నే అడిగాడు. కోప్పడి పంపాను. భుజం నొప్పయితే లైసెన్సున్న రిపేరు దుకాణానికి వెళ్ళి రబ్బరు ప్యాడు వేయించుకోండి, స్లింగు మార్చుకోండి, అంతవరకే.

మొన్న సంక్రాంతికి ఆ కుర్రాడు ఫోటో పంపాడు. పొద్దువాలే వేళ, ఒళ్ళంతా దుమ్ము. రైఫిలు అతని చేతిలోనే ఉంది. వెనక నడిచే జాడగాడి భుజాన నీళ్ళ డబ్బా వేలాడుతోంది.