వంగ డెల్టాకు మన ఋణం

 

అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల స్తూపాలను ఎరిగిన మనకు నదీముఖాలకూ ధమ్మానికీ గల బంధం కొత్తది కాదు. నేడు మేము మీ ముందుంచదలచినది మరొక డెల్టా. గంగ, బ్రహ్మపుత్ర, మేఘన నదుల ఒండ్రుతో ఏర్పడిన వంగ డెల్టా ప్రపంచంలోకెల్లా పెద్దది. పశ్చిమ బెంగాల్‌లో కొంతభాగం, బంగ్లాదేశ్‌లో అధికభాగం విస్తరించిన ఆ నేలపై చదరపు కిలోమీటరుకు వెయ్యిమందికి పైగా జీవిస్తున్నారు. వరిచేలకు ప్రాణం పోసే వరదే ఒక గట్టును కోసివేసి, మరొకచోట లంకను నిలుపుతుంది. 1970 నవంబరు తుపానులో అక్కడ కనీసం 3 లక్షల మంది మరణించారు.

ఆ డెల్టా తూర్పు భాగమే ప్రాచీన సమతటం. 7వ శతాబ్దంలో హ్యూయాన్‌త్సాంగ్ అక్కడ సుమారు 30 విహారాలను, 2 వేల మంది భిక్షువులను పేర్కొన్నాడు. నలందాలో ఆయనకు గురువైన శీలభద్రుడు సమతటం వాడే. 982లో విక్రమపురంలో జన్మించిన అతీశ దీపంకరుడు 1042లో టిబెట్ చేరి, అక్కడ ధమ్మానికి కొత్త ఊపిరి పోశాడు.

కాలక్రమంలో విహారాలు శిథిలమయ్యాయి. చిత్తడి నేలలను నరికి, గట్లు కట్టి, వరిమళ్లుగా మార్చిన శ్రమజీవులకు దక్కినది అస్పృశ్యత. జనాభా లెక్కలలో సైతం వారిని ‘చండాలురు’ అని వ్రాశారు. హరిచంద్ ఠాకూర్ (1812–1878) మతువా మార్గం ద్వారా వారికి ఆత్మగౌరవం నేర్పాడు. ఆయన కుమారుడు గురుచంద్ పాఠశాలలు పెట్టించాడు. పట్టుదలతో పోరాడి, 1911 జనాభా లెక్కల నాటికి వారు నామశూద్రులనే పేరును సాధించుకున్నారు. వారి ఘనతను చాటడానికి వంశచరిత్రతో పనిలేదు. వారి చేతలే చాలు.

ఆ చేతలలో ఒకటి మనందరి జీవితాలను తాకింది. 1946లో రాజ్యాంగ సభకు వెళ్లే దారి బొంబాయిలో మూసుకుపోయినప్పుడు, బరిసాల్ బిడ్డ జోగేంద్రనాథ్ మండల్, ఆయన సహచరులు పూనుకొని బాబాసాహెబ్‌ను బెంగాల్ నుండి గెలిపించారు. దేశ విభజనతో ఆ స్థానం పోయింది. 1947 జులైలో ఆయన బొంబాయి నుండి తిరిగి ఎన్నికయ్యారు. కాని తొలి ద్వారం తెరిచినవారు డెల్టా ప్రజలే.

వారికి దక్కినదేమిటి? విభజన వారిని కాందిశీకులను చేసింది. అనేకులను మన పొరుగున ఉన్న దండకారణ్యానికి తరలించారు. అక్కడ మనలేక సుందరవనాలలోని మరిచ్‌ఝాపి దీవికి చేరుకున్నవారిని 1979లో ప్రభుత్వం బలవంతంగా వెళ్లగొట్టింది.

మిత్రులారా, కృతజ్ఞత కూడా శీలమే. రాజ్యాంగ దినోత్సవం నాడు మన బిడ్డలకు జోగేంద్రనాథ్ మండల్ పేరు చెబుదాం. చిట్టగాంగ్ ప్రాంతంలో నేటికీ త్రిశరణాలు పలికే బౌద్ధులతో, 1892లో కృపాశరణ మహాస్థవిరుడు కలకత్తాలో స్థాపించిన బౌద్ధ ధర్మాంకుర సభతో మైత్రి పెంచుకుందాం. తుపాను వేళ ఆ తీరానికి మన చేయి అందిద్దాం. ఋణం తీర్చుకునే దారి అదే.

నమో బుద్ధాయ. జై భీమ్.